పాత పద్మిని ఎంత ఎత్తులో నిలబడాలి? శంషాబాద్ రోడ్ల మీద ఒక చిన్న కారు చరిత్ర

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్న గురించి. పాత ప్రీమియర్ పద్మిని ఒకటి మీ చేతికి వచ్చింది అనుకుందాం. డెంటింగ్ పని అయిపోయింది, పెయింట్ మెరుస్తోంది, ఇంజన్ స్టార్ట్ అవుతోంది. ఇక మిగిలింది సస్పెన్షన్. మెకానిక్ అడుగుతాడు: "అన్నా, బండి ఎంత హైట్‌ల పెట్టమంటవ్?"

అక్కడే గొడవ మొదలవుతుంది. ఒక ఫ్రెండ్ అంటాడు, స్ప్రింగులు కట్ చేయించు, టైర్లు ఫెండర్లోకి దిగిపోవాలి, రీల్‌లో లుక్ అదిరిపోద్ది అని. ఇంకొకాయన, సాధారణంగా మామయ్యో బాబాయో, మన రోడ్లకి ఇంకో రెండు అంగుళాలు లేపించరా, లేకపోతే అడుగు తగిలి చస్తది అంటాడు. ఇద్దరూ నమ్మకంగానే చెప్తారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఫ్యాక్టరీ వాళ్లు ఆ కారుని ఆ ఎత్తులోనే ఎందుకు పెట్టారు?

దీనికి జవాబు ఇంజనీరింగ్‌లో సగం, చరిత్రలో సగం ఉంది. ఆ రెండూ కలిసి కనిపించే మంచి చోటు మన శంషాబాద్. ఎందుకంటే ఇక్కడ పది కిలోమీటర్ల లోపలే మూడు కాలాల రోడ్లు మనకి తగుల్తాయి.

ముందు రెండు మాటలు వేరు చేసుకుందాం. గ్రౌండ్ క్లియరెన్స్ అంటే కారు అడుగున అన్నిటికంటే కిందికి ఉన్న భాగానికీ నేలకీ మధ్య ఖాళీ. రైడ్ హైట్ అంటే స్ప్రింగుల మీద బాడీ ఏ ఎత్తులో కూర్చుంది అనేది. టైరు మారిస్తే మొదటిది మారుతుంది, రెండోది మారదు. స్ప్రింగు మారిస్తే రెండోది మారుతుంది, దాంతోపాటు సాధారణంగా మొదటిదీ మారుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఎడ్లబండి బాట నుంచి మొదలు

కార్లకి ఎత్తు ఎందుకు వచ్చింది? మొదటి తరం కార్లు పరుగెత్తింది ఎడ్లబండ్లు, గుర్రపు బండ్లు నడిచిన బాటల మీద. అలాంటి బాటలో రెండు చక్రాల గాళ్లు లోతుగా పడి, మధ్యలో గడ్డి మొలిచిన మిట్ట మిగిలిపోతుంది. కారు చక్రాలు ఆ గాళ్లలో నడవాలి, కారు కడుపు ఆ మిట్టకి తగలకూడదు. 1908లో అమెరికాలో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ అడుగున సుమారు 10 అంగుళాల ఖాళీ ఉండేది. దాని రెండు చక్రాల మధ్య దూరం 56 అంగుళాలు, అక్కడి బండ్ల గాళ్లకి సరిపోయేలా. అంటే కారు కొలతలు ముందు రోడ్డు రాసింది, తర్వాతే డిజైనర్ రాశాడు.

రోడ్లు బాగుపడే కొద్దీ కార్లు కిందికి దిగాయి. ఐతే అన్ని దేశాల్లో ఒకేసారి దిగలేదు. 1948లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ 2సీవీ అనే చిన్న కారుని పారిస్ మోటార్ షోలో బయటపెట్టింది. రైతుల కోసం చేసిన కారు అది. దున్నిన పొలం మీద గుడ్ల బుట్ట పెట్టుకుని పోతే గుడ్డు పగలకూడదు అన్నది దాని డిజైన్ షరతు అని చెప్తారు. దానికి వాళ్లు కారుని ఊరికే లేపి పెట్టలేదు. చక్రం పైకీ కిందికీ చాలా దూరం ఆడేలా చేశారు, స్ప్రింగులు మెత్తగా పెట్టారు. మనం చాలాసార్లు ఎత్తు గురించి మాట్లాడుతూ అసలు విషయం ఐన ఆట గురించి మర్చిపోతాం. చక్రానికి పైకి ఆడే చోటు ఎంత మిగిలింది? ఇదే సస్పెన్షన్‌లో ప్రధాన ప్రశ్న.

ఇటలీ నుంచి కుర్లా దాకా

ఇప్పుడు మన పద్మిని. దీని మూలం ఫియట్ 1100-103. 1953లో జెనీవా మోటార్ షోలో బయటికి వచ్చింది. ఆ సంవత్సరం గుర్తు పెట్టుకోండి. మిలాన్ నుంచి నేపుల్స్ దాకా ఇటలీ కట్టుకున్న పెద్ద హైవే, ఆటోస్ట్రాడా దెల్ సోలే, పని మొదలైంది 1956లో, పూర్తయింది 1964లో. అంటే ఈ కారు గీసినప్పుడు ఇటలీలో ఆ రోడ్డు లేదు. యుద్ధం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న దేశం, రాళ్లు పరిచిన వీధులు, కొండ దారులు. ఆ రోడ్ల కోసం చేసిన కారు కాబట్టే కాస్త ఎత్తుగా నిలబడింది.

అదే సమయంలో ఇక్కడ ఏం జరిగింది? 1953లో టారిఫ్ కమిషన్ ఒక సిఫార్సు చేసింది: దేశంలో కార్లు అమ్మాలంటే ఊరికే విడిభాగాలు తెచ్చి బిగిస్తే చాలదు, క్రమంగా ఇక్కడే తయారు చెయ్యాలి. ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. మిగిలిన కొద్ది కంపెనీల్లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఒకటి. బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 తయారైంది. ఏళ్లు గడిచాయి, ముఖం మారింది, పేరు మారింది. 1974లో పద్మిని అనే పేరు వచ్చింది. కింద ఉన్న అమరిక మాత్రం దాదాపు అదే: ముందు రెండు చక్రాలకి వేర్వేరుగా డబుల్ విష్‌బోన్లు, కాయిల్ స్ప్రింగులు, వెనక ఒకే గట్టి యాక్సిల్, దాని కింద కమాన్ కట్టలు. ఇంజన్ 1089 సీసీ. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. ఈ శతాబ్దం మొదలయ్యే దాకా ఆ కారు తయారవుతూనే ఉంది.

1953 నాటి ఇటలీ రోడ్డుకి గీసిన కారు 1980ల్లో కూడా మన దగ్గర పాతబడినట్టు అనిపించలేదంటే కారణం ఇదే. మన రోడ్లు ఆ కారుకి ఇంకా కొత్తవే. పాత బెంగళూరు హైవే, అప్పటి ఎన్‌హెచ్ 7, ఇప్పటి ఎన్‌హెచ్ 44, ఆరాంఘర్ దాటి గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా శంషాబాద్ ఊరి మధ్య నుంచి పోయేది. లారీలు, ఆర్టీసీ బస్సులు, ఎడ్లబండ్లు, గొర్రెల మందలు, అన్నీ ఒకే తారు పట్టీ మీద. ఎదురుగా లారీ వస్తే కారు ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలోకి పోవాల్సిందే. తారు అంచుకీ మట్టికీ మధ్య ఉన్న ఆ మెట్టు ఉంది చూశారా, దానికి కావాలి ఎత్తు.

చిన్న కారుకే ఎత్తు ఎందుకు ఎక్కువ కావాలి

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పద్మిని ఖాళీ బరువు దాదాపు 900 కిలోలు. అమెరికా పోయే కొడుకుని దింపడానికి కుటుంబం ఎయిర్‌పోర్టుకి బయల్దేరింది అనుకోండి. ఐదుగురు మనుషులు, ఒక్కొక్కరు 65 కిలోలు వేసుకున్నా 325. రెండు పెట్టెలు 23 కిలోల చొప్పున, చేతి బ్యాగు 7. మొత్తం సుమారు 380 కిలోలు. అంటే కారు బరువులో 42 శాతం అదనంగా ఎక్కింది. అదే లోడు 1,800 కిలోల పెద్ద కారులో వేస్తే 21 శాతమే.

చిన్న కారు కష్టం ఇదే. ఖాళీగా ఉన్నప్పటికీ నిండుగా ఉన్నప్పటికీ తేడా చాలా ఎక్కువ. స్ప్రింగులు మరీ గట్టిగా పెడితే ఒక్కడే నడిపేటప్పుడు నడుం విరుగుతుంది. మెత్తగా పెడితే కుటుంబం ఎక్కగానే దిగిపోతుంది. పెట్టెలన్నీ డిక్కీలో, అంటే వెనక యాక్సిల్ దాటి ఉంటాయి కాబట్టి వెనక భాగం ఇంకా కిందికి పోతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి. అందుకే పాత చిన్న కార్లు ఖాళీగా ఆగి ఉన్నప్పుడు కొంచెం పొడుగు కాళ్ల మీద నిలబడ్డట్టు కనిపిస్తాయి. అది అందం తెలియక కాదు. లోడు ఎక్కాక ఎంత మిగలాలి అనేది ముందే లెక్కేసి, ఖాళీ ఎత్తుని అక్కడి నుంచి వెనక్కి లెక్కించారు.

1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800కి ఈ సమస్య ఇంకా ఎక్కువ. బరువు దాదాపు 650 కిలోలు. అదే 380 కిలోల లోడు అంటే 58 శాతం! అందుకే మన ఊళ్లలో చాలామంది కార్ల స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్పిస్తారు. కారు లేస్తుంది నిజమే. కానీ ఆ చుట్టు ఇక పనిచెయ్యదు. పనిచేసే చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. లోడు సమస్య తీరి, ఒంటరిగా నడిపేటప్పుడు కుదుపు సమస్య మొదలవుతుంది.

స్ప్రింగు కట్ చేసినా ఇదే సూత్రం. పనిచేసే చుట్లు 8 ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే 7 మిగుల్తాయి. గట్టిదనం 8ని 7తో భాగిస్తే వచ్చినంత, అంటే సుమారు 14 శాతం పెరుగుతుంది. కారు కిందికి దిగింది, కాబట్టి చక్రం పైకి ఆడే చోటు తగ్గింది. షాకబ్జర్ మాత్రం పాత స్ప్రింగు గట్టిదనానికి చేసిందే. గుంటలో పడగానే బంప్ స్టాప్ రబ్బరుకి దబ్బున తగుల్తుంది. ఆ దెబ్బ స్ప్రింగు తినదు, బాడీ తింటుంది. పద్మినికి లారీలాగా విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. నలభై ఏళ్ల తుప్పు పట్టిన రేకులో ఆ దెబ్బ ఎక్కడ చీలిక తెస్తుందో బయటికి కనిపించదు.

హెరాల్డ్ నేర్పిన పాఠం

"ఐతే లేపేద్దాం, ఎక్కువ ఎత్తుతో నష్టమేంటి?" అంటారా? దీనికి జవాబు ఇంకో చిన్న కారు దగ్గరుంది. అది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్.

ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో వచ్చింది. గీసింది ఇటాలియన్ డిజైనర్ జొవాని మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేసింది. అందమైన కారు. దాని వెనక సస్పెన్షన్ మాత్రం వేరే రకం: స్వింగ్ యాక్సిల్. మధ్యలో డిఫరెన్షియల్ చాసిస్‌కి బిగించి ఉంటుంది. దాని రెండు పక్కల నుంచి రెండు సగం యాక్సిళ్లు, పక్షి రెక్కల్లాగా పైకీ కిందికీ ఊగుతాయి.

ఇప్పుడు ఊహించుకోండి. రెక్కలు పైకి లేస్తే, అంటే కారు లోడుతో కిందికి దిగితే, చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. టైరు లోపలి అంచు అరిగిపోతుంది. అదే కారుని పైకి లేపితే రెక్కలు కిందికి వాలుతాయి, చక్రాల కిందిభాగం లోపలికి ముడుచుకుంటుంది. ఆ స్థితిలో మలుపులో గట్టిగా తిప్పితే బయటి చక్రం కారు కిందికి మడుచుకుపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో 1960 నుంచి 1963 దాకా వచ్చిన షెవర్లే కోర్వెయిర్ కార్లది కూడా స్వింగ్ యాక్సిలే. 1965లో రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఆ కారుని నిలదీసింది, అక్కడ కార్ల భద్రత మీద పెద్ద చర్చ లేచింది.

మన దగ్గర ఐదుగురు ఎక్కితే దిగిపోయే, ఖాళీ ఐతే లేచిపోయే కారుకి ఈ అమరిక సరిపడలేదు. ఇక్కడి కొనుగోలుదారులకీ మెకానిక్‌లకీ ఆ స్వింగ్ యాక్సిల్ నచ్చలేదు. 1972లో అదే కంపెనీ హెరాల్డ్ స్థానంలో గజెల్ తెచ్చినప్పుడు వెనక మామూలు గట్టి యాక్సిల్ పెట్టింది. చూడండి, మన రోడ్లూ మన లోడూ కలిసి ఒక బ్రిటిష్ కారు వెనక భాగాన్నే మార్పించాయి.

పద్మినికి స్వింగ్ యాక్సిల్ లేదు కదా అనొచ్చు. నిజమే, ఆ ప్రమాదం లేదు. కానీ లేపితే దానికీ ధర ఉంది. ముందు విష్‌బోన్ చేతులు ఒక కోణంలో ఉన్నప్పుడే స్టీరింగ్ రాడ్లూ అవీ ఒకే లయలో కదుల్తాయి. ఎత్తు మారితే ఆ లయ తప్పుతుంది. గుంట మీద పోయినప్పుడు స్టీరింగ్ మీరు తిప్పకుండానే కొంచెం పక్కకి లాగుతుంది. వెనక యాక్సిల్‌కి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది, జాయింట్లు త్వరగా అరుగుతాయి, ఒక వేగం దగ్గర అడుగు నుంచి వణుకు వస్తుంది. బరువు పైకి పోతుంది కాబట్టి మలుపులో ఒరుగుడు పెరుగుతుంది.

స్పీడ్ బ్రేకర్ లెక్క

ఇక మన అసలు శత్రువు దగ్గరికి వద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ, స్పీడ్ బ్రేకర్లకి 1988లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గుండ్రటి హంప్ అడ్డం 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. అది సుమారు 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో ఒక ముక్క. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి.

పద్మిని ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.34 మీటర్లు. అంటే సరైన హంప్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి నిలబడతాయి. అప్పుడు కారు కడుపు కిందికి హంప్ ఎంత పొడుచుకొస్తుంది? టెన్త్ క్లాస్ జామెట్రీ చాలు: 2.34 వర్గాన్ని, 8 ఇంటూ 17తో భాగించాలి. 0.04 మీటర్లు. అంటే 4 సెంటీమీటర్లు! ఏ కారుకైనా ఇది ఒక సమస్యే కాదు. బాగా దించిన కారు కూడా మెల్లగా పోతే దాటేస్తుంది.

ఇప్పుడు ఊరి గల్లీలో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన దిబ్బ చూడండి. అడ్డం అర మీటరు, ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రాలు దిబ్బకి ఇటూ అటూ నేల మీద ఉంటాయి, దిబ్బ కడుపు కింద ఉంటుంది. ఇక్కడ జామెట్రీ ఏమీ సాయం చెయ్యదు. మొత్తం 15 సెంటీమీటర్లూ ఖాళీ కావాలి. అదీ ఐదుగురు ఎక్కి, వెనక భాగం దిగిపోయిన కారుకి.

4 సెంటీమీటర్లకీ 15కీ మధ్య ఉన్న ఈ తేడానే మనం మన రోడ్లు అని ఒకే మాటలో కొట్టిపారేస్తాం. నిజానికి కారు సమస్య చాలాసార్లు ప్రమాణం పాటించని దిబ్బ సమస్య. కారు లేపించడానికి వేలు ఖర్చు పెట్టే ముందు, మీ కాలనీలో ఆ దిబ్బని సరిగ్గా పోయించమని మున్సిపల్ ఆఫీసులో ఒక దరఖాస్తు పెట్టడం చవక. బైకు మీద పోయేవాళ్ల నడుములకీ అది మేలు.

మూడు కాలాల రోడ్లు

ఇప్పుడు శంషాబాద్‌కి వద్దాం. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది, బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఇటు మారాయి. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరుచుకుంది. 2009 అక్టోబర్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఇటలీకి 1964లో ఏం జరిగిందో ఈ ప్రాంతానికి ఆ రెండేళ్లలో జరిగింది.

ఈ రోజు పద్మిని తీసుకుని మెహదీపట్నంలో ఫ్లైఓవర్ ఎక్కితే ఆరాంఘర్ దాకా అడుగు గురించి ఆలోచనే అక్కర్లేదు. తర్వాత హైవే. తర్వాత శంషాబాద్ ఊరు. అక్కడి నుంచి నర్కూడ దగ్గర అమ్మపల్లి గుడికి తిరిగామా, పల్లె రోడ్డు. సినిమా షూటింగులకీ పెళ్లి ఫొటోలకీ పేరున్న గుడి అది. పాత కారుతో ఫొటో దిగాలనుకునేవాళ్లు పోయేది సరిగ్గా అలాంటి చోట్లకే. ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకి ఒక్కసారి కూడా పనికిరాని ఎత్తు, చివరి కిలోమీటరులో ప్రతి వంద గజాలకీ కావాలి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. కారు ఎత్తుని మీరు ఎక్కువ దూరం నడిపే రోడ్డు నిర్ణయించదు. మీరు తప్పించుకోలేని అతి చెడ్డ ముక్క నిర్ణయిస్తుంది. అది వంద మీటర్లే ఐనా సరే.

"ఓఆర్‌ఆర్ మీద స్పీడుకి కారు కిందికి ఉంటే స్టేబుల్ కదా బ్రో" అనేవాళ్లకి ఒక మాట. అక్కడ పరిమితి గంటకి 120. పద్మినికి నాలుగు డ్రమ్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఆ వేగంలో దాని అసలు సమస్య ఎత్తు కాదు, ఆగడం. దించినందుకు బ్రేకులు మెరుగవ్వవు. దాని వేగంలో దాన్ని పోనివ్వండి.

లేపాలనుకునేవాళ్లకి కూడా ఒక మాట. 2020 అక్టోబర్ 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి, హైవే మీదికి నీళ్లొచ్చి వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నీళ్ల కోసం ఎత్తు పెంచుతాం అంటే లెక్క చూడండి. కారు నేల వైశాల్యం సుమారు 4 చదరపు మీటర్లు అనుకుంటే, ఫ్లోర్ పైకి వచ్చిన ప్రతి 10 సెంటీమీటర్ల నీరు 400 కిలోల బలంతో కారుని పైకి నెడుతుంది. 900 కిలోల కారు తేలడానికి పావు మీటరు కూడా అక్కర్లేదు. రెండు అంగుళాలు లేపినంత మాత్రాన పారే నీళ్లలోకి దిగే హక్కు రాదు. నీళ్లు పారుతుంటే వెనక్కి తిప్పడమే.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. ఇంకో విషయం: 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు లేకుండా ఉంటేనే వింటేజ్. 1974 నాటి పద్మినిలు ఇప్పటికే ఆ గీత దాటాయి. ఈ రోజు రీల్ కోసం బాడీని కోయించే పని, రేపు ఆ గుర్తింపుకి అడ్డం పడొచ్చు. ఒకసారి కోసిన రేకు, కోసిన స్ప్రింగు మళ్లీ అతకదు.

మరి ఎంత ఎత్తు?

జవాబు: ఫ్యాక్టరీ ఎత్తు. కానీ జాగ్రత్త, మీ ముందు ఇప్పుడు నిలబడ్డ కారు ఎత్తు ఫ్యాక్టరీ ఎత్తు కాదు. నలభై ఏళ్లు మోసిన కమాన్లు వంపు తగ్గి చదునైపోయి ఉంటాయి. కాయిల్ స్ప్రింగులు కుంగి ఉంటాయి. డ్రైవర్ ఒక్కడే ఎక్కువ నడిపిన కారు కుడివైపు కొంచెం వాలి ఉంటుంది. మామయ్య లేపించరా అన్నది అందుకే. ఆయన చూసింది కుంగిపోయిన కారుని. ఆయన రోగం సరిగ్గానే పట్టాడు, మందు మాత్రం వేరే. కొత్తగా లేపడం కాదు, పోయిన ఎత్తుని వెనక్కి తేవడం.

పద్ధతి ఇది. కారుని చదునైన నేల మీద పెట్టండి. నాలుగు టైర్లలో గాలి సరిచూడండి, ట్యాంకులో సగం పెట్రోలు ఉంచండి. బంపర్ పట్టుకుని రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదలండి, స్ప్రింగులు తమ చోట కూర్చుంటాయి. ఇప్పుడు చక్రం మధ్యబిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలవొద్దు, ఎందుకంటే టైరు సైజు ఆ లెక్కని పాడుచేస్తుంది. నాలుగు మూలలా రాసుకోండి. ఎడమ, కుడి తేడా ఉంటే ముందు దాని సంగతి చూడాలి. తర్వాత ఐదుగురిని ఎక్కించి మళ్లీ కొలవండి. రెండు కొలతల మధ్య తేడానే మీ కారు అసలు స్వభావం.

వెనక కమాన్ కట్ట విప్పించి, పట్టీల వంపు మళ్లీ పెట్టించడం మనకి తెలిసిన పనే. లారీల కమాన్లు చేసే మేస్త్రీలకి అది రోజువారీ పని. ఐతే వాళ్లకి ముందే చెప్పాలి: అదనంగా పట్టీ వెయ్యొద్దు, అసలు వంపు చాలు. రెండు వైపులా వంపు సమానంగా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. ముందు కాయిల్ స్ప్రింగులు రెండూ కలిపి ఒకేసారి మార్చండి. రబ్బరు బుష్‌లు మార్చాల్సి ఉంటే, వాటిని కారు తన సొంత బరువు మీద నిలబడ్డాకే చివరిసారి బిగించాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుపోయి, కారుని కొంచెం పైకే పట్టి ఉంచుతుంది, తర్వాత త్వరగా చిరిగిపోతుంది. చివర్లో వీల్ అలైన్‌మెంట్. ఎత్తు కుదరకముందు అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బు దండగ.

టైర్ల దగ్గర కూడా ఒక ఉచ్చు ఉంది. 155/80 ఆర్14 టైరు తీసి, లుక్ కోసం 165/65 ఆర్14 వేశారు అనుకోండి. టైరు మొత్తం ఎత్తు సుమారు 33 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అందులో సగం, దాదాపు 17 మిల్లీమీటర్లు, కారు అడుగు కిందికి దిగుతుంది. స్ప్రింగు ముట్టుకోకుండానే దించేశారన్నమాట. పైగా స్పీడోమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ వేగం చూపిస్తుంది. మొదట్లో చెప్పిన తేడా ఇదే: రైడ్ హైట్ మారలేదు, గ్రౌండ్ క్లియరెన్స్ పోయింది.

ఇదంతా అయ్యాక కూడా మీ గల్లీలో ఒక దిబ్బ తగిలితే? ముందు కారు అడుగున చూడండి. చాలాసార్లు తగిలేది బాడీ కాదు, తెగిన రబ్బరు హ్యాంగర్ వల్ల వేలాడుతున్న సైలెన్సర్ పైపు. దాన్ని పైకి కట్టిస్తే ఒక అంగుళం ఉచితంగా దొరుకుతుంది. అప్పటికీ తగిలితే, ఇద్దరిని దింపి, దిబ్బని కాస్త ఏటవాలుగా దాటండి. మన నాన్నలు, తాతలు ముప్పై ఏళ్లు చేసింది అదే.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఒక అలవాటు తెలుసు: పాత కోడ్‌లో ఒక అంకె అర్థం కాకపోతే, దాన్ని మార్చే ముందు ఎవరు, ఎందుకు పెట్టారో చూడాలి. పద్మిని ఎత్తు అలాంటి అంకె. 1953 నాటి ఇటలీ రోడ్లు, తారు దిగి మట్టిలోకి జారే మన పాత హైవే, ఐదుగురి కుటుంబం, రెండు పెట్టెలు, ఇవన్నీ ఆ అంకెలో ఉన్నాయి. అలా నిలబడ్డ పద్మినిలు ప్రతి ఏడాదీ తగ్గిపోతున్నాయి. మీ చేతికి ఒకటి వస్తే, టేపు తీసుకుని ముందు కొలవండి. కటింగ్ మిషన్ సంగతి తర్వాత.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే కారు డ్రమ్ బ్రేకుల సంగతి చూద్దాం. అప్పటిదాకా, దిబ్బల దగ్గర మెల్లగా పోనివ్వండి. ఉంటా మరి.